ఫోను నంబరే నేటి వేలిముద్ర

2025వ సంవత్సరపు ప్రత్తి కాలమున ఒకనాడు, నారాయణఖేడు ప్రాంతమునకు చెందిన వృద్ధ సభ్యులొకరు ఎఱువుల కొఱకు సంఘ కార్యాలయమునకు వచ్చి, తమ ప్రత్తి యమ్ముకొనుటకు దినము నిర్ణయించి పెట్టుమని గుమాస్తాను కోరిరి. మద్దతు ధరకు అమ్మదలచిన రైతులు 'కపాస్ కిసాన్' అను యాప్‌లో ముందుగా స్లాటు తీసికొనవలెనని ఆ యేడు సీసీఐవారు నియమము చేసియుండిరి. గుమాస్తా వివరములన్నియు నింపి, "కాకా, నీ నంబరుకు ఓటీపీ వచ్చింటది, జర చెప్పు" అని యడిగెను. "నంబరైతె కొడుకు కాడ ఉన్నది బిడ్డా, వాడు పట్నంల పనికి పోయిండు" అని వారనిరి.

కుమారునకు ఫోను చేసిరి. అతడు పనిలో నుండుటచేత ఎత్తలేదు. మూడవమారు ఎత్తునప్పటికి ఓటీపీ గడువు దాటెను. మఱల పంపించి, విని, వ్రాసికొనునప్పటికి ఆ దినపు స్లాటులు ముగిసెను. ఇంట ప్రత్తి నిలువ చేయుటకు చోటు లేదు. ఏరిన కూలివారికి పైకము చెల్లింపవలసి యున్నది. నాలుగు దినములు చూచి, ఆ రైతు తమ పంటను ఊరిలోనే వ్యాపారికి ఇచ్చివేసిరి. పొడవు పింజ ప్రత్తికి ఆ యేటి మద్దతు ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. వారికి ముట్టినది అంతకు చాల దిగువ.

వారి దూది తెల్లనిది. తేమ సీసీఐవారు అంగీకరించు నూటికి 12 పాళ్లకు లోపలనే యుండెను. పట్టా సరిగా నుండెను. పంట నమోదు జరిగియుండెను. ఏడాది కష్టమంతయు సక్రమముగా నడచి, కడపట నాలుగు అంకెలు సకాలమున చేతికి రాకపోవుటచేత నష్టము కలిగెను. దీనికి మేము ఏ కార్యాలయమును నిందింపము; పొట్టకూటికై పట్నము పోయిన కుమారుని అంతకంటె నిందింపము. కాని యీ సంగతి ఒక్క యింటిది కాదు గనుక, దీనిని గూర్చి సభ్యుల యెదుట నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచితిమి.

పాత ముద్ర, క్రొత్త ముద్ర

మన తాతల కాలమున రైతు సాహుకారు నొద్ద అప్పు తెచ్చినప్పుడు, వ్రాయని కాగితముపై బొటనవ్రేలి ముద్ర వేసి యిచ్చిన సందర్భములు కోకొల్లలు. పిమ్మట ఆ కాగితముపై ఏమి వ్రాయబడినదో వేసినవాడు ఎఱుగడు. పది రూపాయలు నూరగుట, ఎకరము భూమి చేతులు మారుట, తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకొనుట అట్లే జరిగినవి. జర్మనీ దేశమున రైఫైజన్ అను పుణ్యపురుషుడు గ్రామ పరపతి సంఘములను నెలకొల్పినను, ఆ మాదిరిని చూచి బ్రిటిషు ఇండియాలో 1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము చేసినను, రైతును ఈ దుస్థితి నుండి తప్పించుటయే వాని ముఖ్యోద్దేశము. సంఘములో సభ్యుని లెక్క సభ్యునికి చదివి వినిపింపవలెను. తెలియనిదానిపై ముద్ర వేయరాదు. ఇది సహకారమునకు మొదటి పాఠము.

ఇప్పుడు కాగితము పోయి ఫోను వచ్చినది. వేలిముద్ర చేయుచుండిన పనిని నేడు ఫోను నంబరు, దానికి వచ్చు ఓటీపీ, మనము నొక్కు పిన్ను చేయుచున్నవి. రూపము మారినది గాని ధర్మము మారలేదు. అడిగినవానికెల్ల ఓటీపీ చెప్పుట, వ్రాయని కాగితముపై ముద్ర వేయుటయే. తన నంబరును ఇతరుల చేత నుంచి మఱచిపోవుట, తన ముద్రను ఇతరుల కప్పగించుటయే. ఇంత మాత్రము మన సభ్యులు గ్రహించినచో, ఫోను విషయమున నేర్వవలసినదానిలో సగము నేర్చినట్లే.

నంబరును కాపాడుకొనుట

ఒక్క నంబరుపై నేడు ఎన్ని పనులు ఆధారపడి యున్నవో లెక్కింపుడు. బ్యాంకు ఖాతా, ఆధారు, పంట నమోదు, అమ్మకపు స్లాటు అన్నియు నంబరుతోనే ముడిపడి యున్నవి. 2019లో మొదలైన పీఎం కిసాన్ క్రింద ఏడాదికి మూడు విడతలుగా వచ్చు 6,000 రూపాయలును, 2018 నాటి రైతుబంధుకు బదులుగా 2025 జనవరిలో వచ్చిన రైతు భరోసా పైకమును బ్యాంకులో పడినవో లేదో తెలుపు సందేశము ఆ నంబరునకే వచ్చును. అట్టి నంబరును పట్టా పాసుపుస్తకమువలె చూచుకొనవలెను. పాసుపుస్తకమును ఎవరైనను కుమారుని వెంట పట్నమునకు పంపుదురా?

మన కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, సిర్గాపూరు ప్రాంతముల తండాల నుండి ఏటేట ఎందఱో చెఱకు నఱుకుటకై ఇతర జిల్లాలకును, కర్ణాటక, మహారాష్ట్రములకును పోవుచున్నారు. పోయినచోట క్రొత్త సిమ్ము కొందురు. పాత సిమ్మును డబ్బు వేయక వదలుదురు. పాత నంబరును 90 దినములు ఏ విధముగను వాడకున్నచో కంపెనీ దానిని నిలిపివేయవచ్చును. అట్లు నిలిపిన నంబరు కొంతకాలమునకు ముక్కు మొగము తెలియని మఱియొకనికి పోవును. అప్పుడు మన బ్యాంకు సందేశము, మన ఓటీపీ వాని ఫోనుకు చేరును! ఇది పొలము గట్టు చెరపి పొరుగువానికి వదలుట వంటిది.

కావున మా సలహా లివి. ఇంటికి ఎన్ని ఫోనులున్నను, పట్టాదారుని నంబరు ఒకటి ప్రత్యేకముగా నుండవలెను. ఆ సిమ్ము పట్టాదారుని పేరనే తీసికొనవలెను. దుకాణమువాని పేరనో, బంధువు పేరనో ఉన్నచో మార్పించుకొనవలెను. దానిని చౌకగా దొరకు మీటల ఫోనులో వేసి ఇంటనే ఉంచినను చాలును. ఓటీపీ వచ్చుటకు పెద్ద ఫోను అక్కఱలేదు. అప్పుడప్పుడు కొంత డబ్బు వేసి, ఒకరికైనను ఫోను చేయుచు, దానిని బ్రతికించి యుంచవలెను. విధి లేక నంబరు మార్చినచో, బ్యాంకునకును, ఆధారు కేంద్రమునకును పోయి క్రొత్త నంబరు వ్రాయింపవలెను. మన వ్యవసాయ విస్తరణాధికారికి చెప్పి పంట నమోదులో సవరింపవలెను. ఈ పని పంట చేతికి వచ్చిన పిదప కాదు, విత్తనము వేయునాడే చేయవలెను.

చెప్పరానివి, నొక్కరానివి

డబ్బు మనకు వచ్చుటకు పిన్ను అక్కఱలేదు. ఈ యొక్క వాక్యమును సభ్యులందఱు కంఠస్థము చేయవలెనని కోరుచున్నాము. పిన్ను నొక్కునది డబ్బు మన ఖాతా నుండి పోవుటకు. లేక నిలువ యెంత యున్నదో చూచుకొనుటకు. "మీ ఖాతాలో డబ్బు వేయుచున్నాము, పిన్ను నొక్కుడు, ఈ గళ్ల చిత్రమును స్కాను చేయుడు" అని ఎవడైన పలికినచో వాడు దొంగ. బఱ్ఱెను కొనెదననియు, ట్రాక్టరు కొనెదననియు, పాత బాకీ తీర్చెదననియు తీపి మాటలు చెప్పును. మాట తీపిగా నున్నకొలది మనము మెలకువగా నుండవలెను.

రెండవ మోసము యాప్‌ల రూపమున వచ్చుచున్నది. ఊరి వాట్సాప్ గుంపులో పీఎం కిసాన్ పేరిటనో, బ్యాంకు పేరిటనో, పెండ్లి పిలుపు పేరిటనో ఒక ఫైలు పడును. దాని పేరు చివర 'ఏపీకే' అను మూడు అక్షరములుండును. దానిని తెఱచి అనుమతులిచ్చినచో, అది ఫోనులో దాగి మనకు వచ్చు ఓటీపీలను దొంగకు చేరవేయును. మఱియు మన పేరిటనే మన బంధువులందఱికిని అదే ఫైలును పంపును. కావుననే అది తెలిసినవాని నుండి వచ్చినట్లు తోచును. తెలిసినవాడు పంపెనను నమ్మకమే ఇందు ఎర. ఏ ప్రభుత్వ పథకమును వాట్సాప్ ఫైలు ద్వారా రాదు. యాప్ కావలసినచో ఫోనులోని ప్లే స్టోరు నుండియే తీసికొనవలెను; అచటను పేరు సరిచూచి, అనుమానమున్నచో విస్తరణాధికారి నడిగి తీసికొనవలెను.

మూడవది వేలిముద్ర యంత్రము. ఊరిలో ఆధారు నంబరు చెప్పి, యంత్రముపై వ్రేలు పెట్టి డబ్బు తీసికొనుట వృద్ధులకు మిక్కిలి అనుకూలము. కాని ఇందులో పిన్ను లేదు, ఓటీపీ లేదు. వ్రేలు పెట్టుటయే అంగీకారము. "పడలేదు, మఱల పెట్టుము" అనినచో వెంటనే పెట్టరాదు. పడలేదను చీటీ యిమ్మని యడుగవలెను. లేదా ఫోనుకు సందేశము వచ్చినదేమో చూడవలెను. తీసికొన్న ప్రతిమారు రసీదు తీసికొని, దానిపై నున్న మొత్తమును ఒకరిచేత చదివించుకొనవలెను. ఈ సదుపాయము వాడనివారు ఆధారులోని వేలిముద్రలకు తాళము వేసికొనవచ్చును; ఆ విధానము 1947 నంబరునకు ఫోను చేసి తెలిసికొనవచ్చును.

ఇన్ని జాగ్రత్తలు పడినను మోసము జరిగినచో సిగ్గుపడి దాచుట మహాపరాధము. ఇంటివారు తిట్టుదురని, ఊరివారు నవ్వుదురని తెల్లవారువఱకు ఆగినవాని డబ్బు మఱి దొరకదు. తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. దొంగ ఖాతాలో డబ్బు ఉన్నంత సేపే దానిని ఆపుట సాధ్యము. వాడు దానిని ఖాతా నుండి ఖాతాకు త్రిప్పును గనుక గడియ గడియకు ఆశ తఱుగును. పిమ్మట బ్యాంకునకు తెలిపి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను. రైతు తప్పు లేక డబ్బు పోయి, మూడు పనిదినములలోపల బ్యాంకునకు తెలిపినచో, ఖాతాదారుపై భారము పడరాదని రిజర్వు బ్యాంకువారు 2017లో నియమము చేసిరి. కాని ఓటీపీని తానే చెప్పినచో, బ్యాంకునకు తెలుపువఱకు పోయినది తనదే. ఆలస్యము ఎంత చేటో దీనివలన తెలియుచున్నది.

చిన్న సౌకర్యములు

భయము మాత్రమే చెప్పుట న్యాయము కాదు. ఫోను మంచి పనిముట్టు. నాగలి పదును తెలిసి పట్టినవానికి అది ఎట్లు ఉపకరించునో, ఇదియు నట్లే.

మొదట, ఫోనును తెలుగులోనికి మార్చుకొనుడు. అమరికలలో భాష అనుచోట తెలుగును ఎంచుకొన్నచో తెఱపై మాటలు తెలుగులో కనబడును. కన్నడము, మరాఠీ, ఉర్దూ చదువువారు తమ భాషను ఎంచుకొనవచ్చును. అచ్చటనే అక్షరముల పరిమాణమును పెంచినచో కంటిచూపు తగ్గినవారును చదువగలరు. వ్రాయుట రానివారు మైకు గుర్తును నొక్కి పలికినచో ఫోను తానే వ్రాయును.

రెండవది, ఒక చిన్న పుస్తకము. ముఖ్యమైన ఫోను నంబరులు, బ్యాంకు ఖాతా సంఖ్య, విస్తరణాధికారి నంబరు, సంఘము నంబరు కాగితముపై వ్రాసి ఇంట నుంచుడు. ఫోను పగిలిననాడు ఈ పుస్తకమే ఆదుకొనును. కాని పిన్నును మాత్రము అందు వ్రాయరాదు. ఫోను వెనుక అట్ట మీద వ్రాసియుంచు అలవాటు కొందఱికి కలదు, అది బీగమునకు తాళపుచెవిని కట్టి పెట్టుటయే. ఇంకొక సంగతి: ఫోనులో నక్షత్రము, హాషు, 06, హాషు నొక్కినచో పదునైదు అంకెల సంఖ్య కనబడును. దానిని ఆ పుస్తకమున వ్రాసికొనుడు. ఫోను పోయినచో ముందుగా మఱియొక ఫోను నుండి సిమ్మును ఆపించి, పోలీసులకు ఫిర్యాదు చేసి, సంచార్ సాథీ ద్వారా ఆ సంఖ్యతో ఫోనును పనికిరాకుండ చేయవచ్చును. దొరకినప్పుడు మఱల తెఱపింపవచ్చును.

మూడవది, పెద్ద ఫోను లేనివారి మాట. మీటల ఫోనుతోను డబ్బు పంపవచ్చును, ఖాతా నిలువ చూచుకొనవచ్చును. నక్షత్రము, 99, హాషు నొక్కినచో ఇంటర్నెట్టు లేకయే ఆ పని జరుగును. మొదట అమర్చుకొనునాడు ఏటీఎం కార్డుతో బ్యాంకువారి సహాయము పొందుట మేలు.

నాలుగవది, పంట తెగులు. ఆకుకు మచ్చ పడినదని నోటితో చెప్పినచో ఎంతటి శాస్త్రజ్ఞుడును నిర్ణయింపజాలడు. ఉదయపు వెలుతురులో మూడు చిత్రములు తీయుడు: ఆకు పైభాగమొకటి, అడుగుభాగమొకటి, మొక్క మొత్తమొకటి. ఎన్ని దినములైనదో, ఏ మందు కొట్టితిరో చెప్పుడు. వానిని విస్తరణాధికారికో, జహీరాబాదు కృషి విజ్ఞాన కేంద్రమువారికో చూపినచో తగిన మందు తెలియును. దుకాణమువాడు ఇచ్చిన మూడు సీసాలు కలిపి కొట్టు ఖర్చు తప్పును. చిత్రములు పంపలేనివారు 1800-180-1551కు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును. ఈ కిసాన్ కాల్ సెంటరు 2004 నుండి పని చేయుచున్నది.

ఐదవది, వాన, పిడుగు. 'మేఘదూత్' అను యాప్‌లో వారమునకు రెండుమార్లు, మంగళవారమున, శుక్రవారమున, వాతావరణమును బట్టి వ్యవసాయ సలహాలు వచ్చును. మందు కొట్టుటకు ముందొకసారి దానిని చూచినచో, కొట్టిన మందు వానకు కొట్టుకొనిపోవు నష్టము చాలవఱకు తప్పును. 'దామిని' అను మఱియొక యాప్ మనమున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడు పిడుగులను గూర్చి హెచ్చరించును. మన మిట్ట పొలములలో ఒంటరి చెట్టు క్రింద తల దాచుకొని ప్రాణములు పోగొట్టుకొనుట వినుచునే యున్నాము. హెచ్చరిక వినినంతనే చెట్టును విడిచి, పశువులను తోలుకొని, ఇంటి కప్పు క్రిందకు చేరవలెను. ఒక్క ప్రాణము దక్కినను ఫోను కొన్న ధర తీరినట్లే.

"మాకు చదువు రాదు" అను మాట

ఇవి యన్నియు చదువుకొన్న పిల్లల పనులు, మావంటివారికి కావు అని పెద్దలు కొందఱు అందురు. వారికి మేము దూరదేశపు దృష్టాంతము చూపము. మన సంగారెడ్డి జిల్లాలోనే, ఝరాసంగము మండలపు మాచనూరులో, దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘముల దళిత స్త్రీలు 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో'ను ప్రారంభించిరి. వారిలో పలువురు బడికి పోనివారు. పొలము పనిచేసి బ్రతుకువారు. చిరుధాన్యముల సేద్యము, పశువుల వైద్యము, పాటలు, పండుగలు, తమ మాటలోనే ప్రసారము చేసిరి. ఆ సంఘముల స్త్రీలే వీడియో కెమెరా పట్టి తమ పంటలను గూర్చి చిత్రములు తీసిరి. మనిషి కన్నుల యెత్తున సమముగా కెమెరా నుంచి తీయు చిత్రమునకు వారు 'సంఘం షాట్' అని పేరు పెట్టుకొనిరట. సంఘములో అందఱు ఒకే చాపపై సమానముగా కూర్చుందురు గదా!

ఈ పేరులోనే మాకు గొప్ప బోధ కనబడుచున్నది. పనిముట్టు ఎంత క్రొత్తదైనను, దానిని తమ బ్రతుకులోని మాటతో పిలిచి, నలుగురు కూర్చుండి నేర్చుకొన్నచో అది లొంగును. ఒంటరిగా, సిగ్గుతో, కొడుకు కసరునని భయముతో నేర్చుకొన్నచో లొంగదు. చదువు లేకపోవుట అడ్డు కాదు. అడుగుటకు చోటు లేకపోవుటయే అడ్డు.

సంఘము చేయవలసినది

ఆ చోటు సంఘమే కావలెనని మా గట్టి యభిప్రాయము. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో కంప్యూటర్లు నెలకొల్పుటకు 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. అది 63,000 సంఘములకు ఉద్దేశింపబడినది. లెక్కలు యంత్రమున కెక్కుట మంచిదే. కాని కార్యాలయమున కంప్యూటరు వెలుగుచుండగా సభ్యుని చేతి ఫోను అతనికే చీకటిగా నున్నచో, సహకారము సగమే జరిగినట్లు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడ అవసరము. సభ్యునికి సహాయము చేయుట వేఱు, సభ్యుని బదులు చేయుట వేఱు. "నీకు తెలియదులే, ఫోనిటు తే, పిన్ను చెప్పు, నేను కొట్టెదను" అను గుమాస్తా ఎంత మంచివాడైనను, రైతును మఱల పాత కాలపు వేలిముద్ర దగ్గఱకే తీసికొనిపోవుచున్నాడు. ఇంటిలోని చదువుకొన్న కొడుకులకు, కోడండ్రకు, మనుమలకు కూడ ఇదే మాట. తాతచేత తాతయే మీటను నొక్కించుటకు పది నిమిషములు ఎక్కువ పట్టును. ఆ పది నిమిషముల ఓర్పు లేకయే, ఆ వృద్ధ సభ్యుని ప్రత్తి వ్యాపారి యింటికి పోయినది.

కావున ప్రతి సంఘ పాలకవర్గమును మేము ఈ క్రింది పనులకై వేడుకొనుచున్నాము. సంత దినమున రైతు లెట్లును పట్టణమునకు వత్తురు గనుక, ఆ దినమున రెండు గంటలు కార్యాలయపు అరుగుపై ఒక చాప పఱచి, ఫోను నేర్పుటకు కేటాయింపవలెను. ఊరిలోని ఇంటరు, డిగ్రీ చదువు బాలబాలికలను పిలిచి నేర్పించినచో ఖర్చు లేదు. తండాలవారికి లంబాడీలో చెప్పగలవారు, స్త్రీ సభ్యులకు స్త్రీలే నేర్పువారు ఉండవలెను. పట్టా భార్య పేర నుండి ఫోను భర్త జేబులో నుండుటయు మన ప్రాంతమున తక్కువ కాదు. వానకాలము విత్తులకు ముందు, సభ్యుల పట్టికలోని నంబరులను ఒక్కొక్కటిగా పిలిచి, అవి బ్రతికియున్నవో లేవో, పట్టాదారుని చేతనే యున్నవో లేవో పరీక్షింపవలెను. 1930 అను సంఖ్యను కార్యాలయపు గోడపై మూరెడు అక్షరములతో వ్రాయింపవలెను. మోసపోయినవాడు వచ్చినచో నవ్వక, ప్రక్కన కూర్చుండి ఫోను చేయింపవలెను.

ప్రభుత్వమువారికిని మా విన్నపము కలదు. ఫోను ద్వారా స్లాటులిచ్చుటవలన బారులు తగ్గుట మాకును తెలియును. ఐనను ఫోను లేని రైతు, సిగ్నలు లేని తండా, నంబరు పోయిన వృద్ధుడు ఉన్నంతవఱకు, పాసుపుస్తకముతో వచ్చినవానికి రైతు వేదికలోనో సంఘములోనో చేతితో వ్రాసికొని దినము నిర్ణయించు ఏర్పాటు ప్రక్కన నుండవలెను. ద్వారము పెద్దదైనను ఒక్కటే యున్నచో, దాని తాళము పోయిననాడు ఇంటిల్లిపాది వెలుపలనే నిలువవలసి వచ్చును.

సోదర సభ్యులారా! ఈ సంచికను చదువువారు చదువ నేరని పొరుగువారికి చదివి వినిపింపుడు. నేటి సాయంకాలమే మీ ఫోనును చేతికి తీసికొని మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఈ నంబరు నా పేరనే యున్నదా? బ్యాంకులోను, ఆధారులోను, పంట నమోదులోను ఇదే నంబరు కలదా? దీని పిన్ను నాకు తప్ప మఱెవ్వరికైనను తెలియునా? జవాబు సరిగా లేనిచోట, ఆ తప్పును సవరించుటకు వచ్చు సంత దినమువఱకు మాత్రమే గడువు పెట్టుకొనుడు. ఆ వృద్ధ సభ్యులు మొన్న మఱల సంఘమునకు వచ్చిరి. ఈమారు మీటల ఫోనొకటి వారి జేబులోనే యున్నది. గుమాస్తా అడుగకమునుపే తీసి చూపిరి.